రొట్టెల పద్దు

బతూమీలో వాన ఆగిందంటే
మబ్బు కాసేపు కూలబడిందని అర్థం.
రేవు వెనక సందులో
చెప్పులు కుట్టే కొట్టుకీ తాళంచెవులు కోసే కొట్టుకీ మధ్య
నా బల్ల: నాలుగు స్క్రూడ్రైవర్లు, భూతద్దం,
అరిగిపోయిన టూత్‌బ్రష్.

గులీకో వచ్చింది
లాప్‌టాప్‌ని గుడ్డలో చుట్టుకుని,
పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెని చుట్టినట్టు.
"టిక్కుటిక్కుమంటోంది బాద్రీ,
గడియారాన్ని మింగినట్టుంది."
ఎప్పట్నుంచి?
"మంగళవారం."
ఆ రోజు శనివారం.
ఈ అయిదు రోజులూ ఆపింది, వేసింది, మళ్ళీ ఆపింది,
అరచేత్తో ఓ దెబ్బ కూడా వేసిందట,
మొరాయించే మొగుణ్ణి వేసినట్టు.

మీకూ చెబుతున్నాను, వినండి:
డిస్కు టిక్కుమన్న క్షణమే ఆపేయండి.
మళ్ళీ వేసి చూద్దాం అనుకోకండి.
లోపల సూది లాంటి చెయ్యి ఒకటి
అద్దం లాంటి పళ్ళాన్ని గీరుతూ ఉంటుంది.
మీరు వేసిన ప్రతిసారీ
ఇంకో పేరు చెరిగిపోతుంది.

మూత విప్పాను.
ఫ్యాన్ నిండా గోధుమపిండి.
తడిగాలికి ముద్దకట్టి, వేడికి కాలి
రెక్కల మధ్య బుల్లి రొట్టె ఒకటి తయారవుతోంది.
పొయ్యికి మూరెడు దూరంలో పెట్టుకున్నావా దీన్ని?
"లెక్క చేతికి అందాలిగా!"
అదీ నిజమే.

ఫోటోలేమైనా ఉన్నాయా అన్నాను.
లేవు. పెళ్ళి ఫోటోలు గోడ మీదే ఉన్నాయట.
ఉన్నది పద్దు.
ఏడేళ్ళుగా ఆ సందులో
ఎవరు ఎన్ని రొట్టెలు అరువు తీసుకున్నారో
ఎవరెంత తీర్చారో
ఒక్క ఫైలు. ఒక్కటంటే ఒక్కటే.
పేరు కూడా "కొత్తది".

మూడు రాత్రులు కూర్చున్నాను.
తిబిలిసీలో డిస్కులు కోసి చూసేవాళ్ళున్నారు,
వాళ్ళడిగే డబ్బు
ఆ సందు మొత్తం అప్పుకన్నా ఎక్కువ.
"వదిలెయ్," అంది గులీకో,
చేతులకి పిండి దులుపుకుంటూ.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు పెద్దవాళ్ళు.
ఫైళ్ళ సంగతి వాళ్ళకి తెలీదు.
రెండు పడవలూ కావాలి, వీలైతే మూడోది,
అది వేరే రేవులో ఉండాలి.
పెన్‌డ్రైవ్‌ని లాప్‌టాప్ సంచిలోనే పెట్టుకునేవాళ్ళు
సంచీ పోయిన రోజు నా దగ్గరికి రావద్దు.
దాచాం అనుకోవడం వేరు,
దాచినదాన్ని ఓసారి తెరిచి చూడటం వేరు.

పద్దు పోయిందన్న కబురు
రొట్టె వాసనకన్నా ముందే సందంతా పాకింది.
లామారా వచ్చి, "పద్నాలుగు, అందులో ఒకటి మాడింది,
దానికి ఇవ్వను," అంది.
పాత నావికుడు అమిరానీ ముప్ఫై అన్నాడు,
పదేనని గులీకోకి గుర్తు.
వాదించింది. గొంతు చించుకుని ముప్ఫైకీ కట్టాడు.
చేపలమ్మే ఎలీజ్‌బార్ మాత్రం
ఆ వారమంతా వేరే సందులోంచి నడిచాడు.
అతని ముఖం కూడా ఒక లెక్కేనంది ఆమె,
అది చెరగదంది.

ఇంతకీ
ఆ ఫైలు తిరిగి రాదని
అందరికన్నా ముందు తెలిసినవాణ్ణి నేను.
అందులో నా పేరూ ఉంది.
డిస్కుని పెట్టెలో పెట్టి ఇస్తూ
కాసేపు నోరు మెదపలేదు.
వాన మళ్ళీ మొదలైంది.
"పదకొండు," అన్నాను.

పదకొండో పన్నెండో.
నా దగ్గరా కాపీ లేదు.

కొత్త డిస్కు వేశాను, కూలి రొట్టెల్లో మినహాయించుకుంది.
ఇప్పుడు లాప్‌టాప్ కిటికీ పక్కన, పొయ్యికి దూరంగా.
ప్రతి ఆదివారం పెన్‌డ్రైవ్‌లోకి నకలు,
అది చెప్పుల కొట్టు సొరుగులో ఉంటుంది.
ఫైలుకి తేదీతో సహా పేరు పెట్టమన్నాను.
పెట్టింది:
"కొత్తది రెండు".